ఒళ్ళు చల్లబడింది

నూకరత్నం ఆటో దిగేసరికి వసారాలో మంచం వేసి ఉంది.

అది నడవలో ఉండాల్సిన మంచం. ఆ ఇంటి పెద్దకోడలు, తన అక్క చిన్నతల్లి పడుకునే మంచం. దాన్ని బయటికి మోసుకొచ్చి, పరుపు తీసేసి, ఉత్త నవారు మీద పాత చీర పరిచారు. నీళ్ళు కొట్టి కడిగినట్టున్నారు, గచ్చు ఇంకా తడిగానే ఉంది. గేటు పక్కన ఎవరింటి నుంచో తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి నిలబెట్టారు. మాట్లాడుతూ నిలబడ్డ పక్కింటి ఆడవాళ్ళు ఆమెను చూడగానే కొంగులు సర్దుకుని గోడవారగా జారుకున్నారు.

ఆ ఇంట్లో మంచం వసారాలోకి వచ్చిందంటే ఎందుకో చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామగారికీ అలాగే వేశారు. ప్రాణం గడప లోపల పోకూడదని ఆయన్ని మోసుకొచ్చి అక్కడ పడుకోబెట్టారు. ఆయన సంగతి వేరు, పండు వయసు. చిన్నతల్లికి ఇంకా జుట్టు కూడా సరిగ్గా నెరవలేదు. అనకాపల్లి ఆసుపత్రిలో ఊపిరి తీసుకుంటూనే ఉంది. ఇక్కడ ఆమెకు చోటు తయారైపోయింది.

నూకరత్నం చేతిలో సంచి గచ్చు మీద విసిరికొట్టింది.

"ఈ మంచం ఇక్కడ ఎవులేసేరు?"

గడప మీద కూర్చుని బియ్యం చెరుగుతున్న అత్తగారు అచ్చియ్యమ్మ తల ఎత్తలేదు.

"అత్తా, నిన్నే. ఎవులేసేరంటన్నాను."

"ఎవులేస్తే ఏటి? గాలాడతాదని ఏసేం."

"ఎవులికి గాలి?"

చేట ఆగింది. "సిన్నతల్లిని తెచ్చేస్తన్నారు. పెదబాబు వేనుకి సెప్పేడు. మజ్జానానికల్లా ఇంటికి సేర్చెయ్యాలని..."

"డాక్టరు పంపించెయ్యమన్నాడా?"

"డాక్టర్లు ఎందుకు పంపుతారే? మిసన్లు ఎట్టుకుని కూకుంటారు గానీ."

అక్క బట్టలు పట్టుకుని, డాక్టరు చెప్పినట్టు బావను వెంటబెట్టుకుని పోదామని వచ్చింది నూకరత్నం. కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి, రక్తాన్ని మిషన్ మీద శుభ్రం చెయ్యాలి, భర్త సంతకం కావాలి అన్నాడు. పెదబాబు ఆ మాట వినీ వినగానే "ఇంటికాడ మాటాడుకుని వస్తాం" అని బస్సెక్కేశాడు. ఇంటి దగ్గర మాట్లాడుకున్నది ఇదన్నమాట.

"బావా!" అని కేకేసింది.

పెదబాబు లోపలి నుంచి భుజం మీద తువ్వాలు వేసుకుని వచ్చాడు. వెనకాలే అతని తమ్ముడు సత్తిబాబు, నూకరత్నం మొగుడు. అక్కచెల్లెళ్ళిద్దరినీ అన్నదమ్ములిద్దరికీ ఒకే పందిట్లో ఇచ్చి చేశారు. ఆ పందిట్లో పుస్తె కట్టిన దగ్గర్నుంచి సత్తిబాబు అన్న ఎదురుగా ఒక్క మాట పూర్తిగా ఆడగా నూకరత్నం చూడలేదు.

"అరవకు రత్నం. ఊరంతా ఇంటన్నాది," అన్నాడు పెదబాబు.

"ఇననీ! బతికున్న మనిషికి సావు మంచం ఏసేరని ఊరందరికీ తెలియనీ!"

"నోరు మూసుకో."

"మూసుకోబట్టే ఇంతవరకూ వచ్చింది. నేను మూసుకున్నాను, మా అప్ప మూసుకున్నాది, ఈ ఇంట్లో ఆడవులందరం మూసుకున్నాం. ఇంక మూసుకునేది లేదు."

పెదబాబు మొహం తుడుచుకున్నాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. గడ్డం మాసి, మనిషి సగానికి సగం అయిపోయాడు. ఇంకోసారైతే నూకరత్నం జాలిపడేదే. ఇప్పుడు ఆ జాలి ఎక్కడుందో వెతుక్కునే ఓపిక కూడా ఆమెకు లేదు.

"సూడు రత్నం, డబ్బు మాట కాదిది. సర్కారు కార్డుంది, ఆ మిసనుకి పైసా అక్కర్లేదన్నారు. నాకు తెలుసు. కానీ ఒకసారి మిసనెక్కినోడు మల్లీ దిగడు. సీడికాడ ఊల్లో మా మేనమావని ఎక్కించేరు. ఏటయ్యింది? మమ్మల్ని ఒక్కుల్ని లోనికి రానివ్వలేదు. గొంతులో సుక్క నీల్లు పోసినోడు లేడు. గాజు తలుపు బయట నిలబడి సూసేం. దిక్కులేని పీనుగులా పోనాడు. నా పెళ్ళాం అలగ పోకూడదు."

"అందుకని ఇంటికి తెచ్చి మీరే సంపేస్తారా?"

సత్తిబాబు "ఒసే" అని ఒక్క మాట అని ఆగిపోయాడు.

అచ్చియ్యమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "ఏటా మాటలు? పసుపుకుంకాలతో ఎల్లిపోతాది. మొగుడి సేతిమీదుగా. అంతకన్నా అదృష్టం ఏటుంటాది ఆడదానికి? అందరికీ దొరుకుతాదా అది?"

నూకరత్నానికి ఒళ్ళంతా మండిపోయింది. ఆ ముసలావిడ మామగారు పోయాక తెల్లచీరలో చూసిన బతుకేమిటో తనకు తెలుసు. ఆ బతుకు మీద కసి ఆమెకు ఉండొచ్చు. కానీ ఆ కసిని తీసుకొచ్చి ఇంకొకదాని చావుకి అదృష్టమని పేరు పెడితే ఎవరు ఊరుకుంటారు?

"అంత అదృష్టమైతే నువ్వెందుకు పోలేదత్తా మావ కన్నా ముందు?"

అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రత్నం!" పెదబాబు ముందుకొచ్చాడు. "మా అమ్మనంటావా? జొరం వచ్చిన దగ్గర్నుంచి దానికి సేసిందెవులు? రాత్రుల్లు మంచం పక్కన కూకున్నదెవులు?"

"కూకున్నాది. కాదన్లేదు. తలకి పోసిందెవులు? పత్యం ఎట్టిందెవులు?"

"జొరం దిగితే పొయ్యరేటి?" అచ్చియ్యమ్మ గొంతు సన్నబడింది. "ఒల్లు సల్లబడింది. సెమటలు పోసేయి. సేతులు కాల్లు మంచులా ఉన్నాయి. జొరం దిగిందనుకుంటామా, ఇంకేటనుకుంటాం? తలకి పోసి, బీరకాయ కూరతో ఇంత మెత్తటి అన్నం ఎట్టేను. నా సేతులతో కలిపి ఎట్టేను."

అదీ జరిగింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఎంత సంబరపడ్డారని! చలి కుదుపుతో పళ్ళు టకటకలాడించి, పెనం మీద వేసినట్టు కాలిపోయిన ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడింది. "అమ్మయ్య" అనుకున్నారు. పెదబాబు బజారుకెళ్ళి లేత బీరకాయలు తెచ్చాడు. అచ్చియ్యమ్మ నీళ్ళు కాచి తలంటింది. సాంబ్రాణి పొగ వేసింది. చిన్నతల్లి రెండు ముద్దలు తిని, మూడోది నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయింది. "తలకి పోసుకున్న నిద్ర" అన్నారు. సాయంత్రానికి మాట తడబడి, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మను పిలవడం మొదలెట్టింది. "నీరసం" అన్నారు. దిగింది జ్వరం కాదు, లోపల రక్తం ఒత్తిడి అని అనకాపల్లిలో డాక్టరు చెప్పేవరకూ ఎవరికీ తెలియలేదు. ఒళ్ళు చల్లబడడం అన్నది మంచి కబురని పుట్టినప్పటి నుంచి వింటూ వచ్చినవాళ్ళు అందులో చెడును ఎలా చూస్తారు?

నూకరత్నం కోపం అందుమీద కాదు. తానూ ఆ రోజు సంబరపడింది. ఆమె కోపం ఇంకోదాని మీద.

"పత్యం సంగతి ఒగ్గెయ్యి. తెలీక ఎట్టేవు. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మాట గురుతున్నాదా బావా?"

పెదబాబు చూపు పక్కకు తిప్పుకున్నాడు.

గుర్తుండక ఏం? చిన్నతల్లిని స్ట్రెచర్ మీదికి ఎక్కించగానే డాక్టరు అడిగిన మొదటి మాట అదే. "ఈవిడ మూత్రం ఎప్పుడు పోసింది?" అని. చుట్టూ మగాళ్ళు. సాయానికి వచ్చిన చుట్టాలు, ఆటోవాడు. పెదబాబు మొహం ఎర్రబడింది. అంతమందిలో తన పెళ్ళాం గురించి అడగాల్సిన మాటేనా అది అన్నట్టు చూశాడు. సత్తిబాబు చెప్పుల వైపు చూసుకున్నాడు. డాక్టరు మళ్ళీ అడిగాడు, ఈసారి కసిరాడు. అప్పుడు నూకరత్నం ముందుకొచ్చి, "తలకి పోసుకున్న కాడ్నుంచీ ఎల్లలేదండి. అంతకుముందు మంటండి, రకతం కూడా పడిందండి" అంది. అంతే. అక్కడున్న మగాళ్ళంతా తప్పు చేసింది తనే అన్నట్టు ఆమె వైపు చూశారు.

"మంట అని మా అప్ప నాకు సెప్పింది. నీకు సెప్పలేదు. ఎందుకు సెప్పలేదో అడిగేవా ఎప్పుడన్నా?"

"ఆడోల్ల గొడవ నాకెలగ తెలుస్తాది?"

"తెలవాల! సెరుకు నిలబడున్నన్నాల్లు మాకు సాటుంటాది బావా. కొట్టేసినాక ఏటుంటాది సాటు? సూసినంత దూరం మోడులు. క్రషర్ కాడ మీరు, పెనం కాడ మీరు, బళ్ళకాడ మీరు. పొయ్యిలో పిప్పి ఎగెయ్యడానికి మేం. ఆ మంట ఎదర పొద్దుట్నుంచి సీకటి పడేదాకా నిలబడాల. నీల్లు తాగితే ఎల్లాలి. ఎక్కడికెల్తాం? అందుకే తాగం. గొంతెండిపోతన్నా తాగం. బెల్లం వంట మొదలైన కాడ్నుంచి ఏ ఆడదైనా పగలు నీల్లు తాగడం సూసేవా నువ్వు? మీకు సెంబులు సెంబులు అందిస్తాం. మేం నోరు తడుపుకుంటాం, అంతే."

నిజంగానే ఆ సంగతి పెదబాబుకి ఇప్పటిదాకా తట్టలేదని మొహం చూస్తే తెలుస్తోంది. పెళ్ళయి ఇన్నేళ్ళుగా ఆ పొయ్యి ముందు చిన్నతల్లి నిలబడడం చూశాడు. ఎర్రగా కందిపోయిన మొహం చూశాడు. నీళ్ళ చెంబు ఆమె చేతుల్లో ఉండగా చూశాడు. ఆమె నోటి దగ్గర ఎప్పుడూ చూడలేదని ఇప్పుడే లెక్క తేలినట్టుంది.

"అది సెప్పుకునే మాటేటే?" అంది అచ్చియ్యమ్మ నెమ్మదిగా. "మేమూ అలగే సేసేం. మా అత్తలూ అలగే సేసేరు."

"మీకు జబ్బు పట్టలేదు. దానికి పట్టింది."

నూకరత్నం పైట బొడ్లో దోపి మంచం కోడు పట్టుకుంది. ఈడ్చింది. తడి గచ్చు మీద మంచం కీచుమని అరిచింది. గడప దగ్గర అడ్డుపడింది. సత్తిబాబు ఒక చెయ్యి వెయ్యబోయి అన్న వైపు చూసి వెనక్కి తీసుకున్నాడు. అది చూసింది నూకరత్నం. మంచాన్ని ఒక పక్కకి ఒరిగించి, తానొక్కతే గడప దాటించి, నడవలో మునుపున్న చోటే పడేసి, పరుపు వేసి, పైన దుప్పటి కూడా పరిచి వచ్చింది. అరచెయ్యి చెక్కుకుపోయింది.

అంతలో గేటు ముందు వేను ఆగి హారన్ కొట్టింది.

"పదండి," అంది నూకరత్నం. "వేను నువ్వే పిలిచేవు కదా బావా. నేనూ ఎక్కుతాను. తెచ్చుకుంటామన్న మాట డాక్టరు మొహం మీద నీ నోటితో సెప్పు. ఝాన్సీ ఎదర సెప్పు. కన్నకూతురు కదా, అది కూడా ఇనాలి."

దారి పొడుగునా ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లు వరసగా అడ్డం. డ్రైవరు ఒక్కొక్కదాన్నీ దాటేటప్పుడల్లా ఏదో ఒకటి తిట్టుకుంటున్నాడు. సత్తిబాబు డ్రైవరు పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికే చూశాడు. వెనకసీట్లో పెదబాబు, నూకరత్నం చెరో అంచున. మధ్యలో చిన్నతల్లిని పడుకోబెట్టి తెద్దామని మడిచి పెట్టిన బొంత. నూకరత్నం దాన్ని ఎత్తి కాళ్ళ కింద పడేసింది.

ఆసుపత్రి వరండాలో ఝాన్సీ ఎదురొచ్చింది. ఇంటర్ చదివే పిల్ల. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"పిన్నీ, అమ్మ సేతి ఎల్లు నీలంగా అయిపోతన్నాయి. సిస్టరు ఏదో మందు పెంచింది. నాన్నా, సంతకం పెట్టేసేవా?"

పెదబాబు కూతురి తల నిమిరాడు. ఐసీయూ ముందు గదిలోకి వాళ్ళను పిలిచారు. డాక్టర్ కృష్ణకాంత్ చిన్నవాడే, కానీ ఓపిక అయిపోయిన మనిషి. కూర్చోమని కూడా అనలేదు.

"పొద్దుట్నుంచి ఎదురుచూస్తున్నాను. ఏం ఆలోచించుకున్నారు?"

"ఇంటికి తీసికెల్పోదామని..." పెదబాబు మాట సగంలోనే ఉంది.

"తీసికెళ్ళండి. దారిలోనే పోతారు. బీపీ నిలబెట్టే మందు తీసేస్తే చోడవరం దాకా కూడా అక్కర్లేదు." డాక్టరు బల్ల మీద పెన్ను గిరాటేశాడు. తర్వాత తనకే సిగ్గేసినట్టు గొంతు తగ్గించాడు. "మీది వ్యవసాయమే కదా? కాలవ నీళ్ళా?"

"కాలవే సార్."

"అయితే వినండి. ఇన్ఫెక్షన్ మూత్రంలో మొదలై రక్తంలోకి ఎక్కింది. దాన్ని చంపడానికి ఒళ్ళు చేసే యుద్ధంలో సూక్ష్మజీవులొక్కటే చావవు. రక్తనాళాలన్నీ వదులైపోతాయి, కారిపోతాయి. కాలవ గట్టు పొడుగునా గండ్లు పడితే ఏమవుతుంది? నీళ్ళుంటాయి, కానీ చేరాల్సిన చోటికి చేరవు. శివారు మడి ముందు ఎండుతుంది. ఆవిడ ఒళ్ళంతా ఉబ్బడం చూశారు కదా? ఆ నీరు నాళాల్లో ఉండాల్సింది. బయటికి కారిపోయింది. అందుకే ఒత్తిడి లేదు. ఒత్తిడి లేక చేతులు కాళ్ళు చల్లబడ్డాయి, కిడ్నీలకు రక్తం అందలేదు, మూత్రం ఆగింది. మెదడుకి అందక మాట తడబడింది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది. రేపు లివరు. ఒకదాని వెనక ఒకటి. అన్నిటికీ జబ్బు ఒక్కటే."

పెదబాబు శ్రద్ధగా విన్నాడు. కాలవ మాట అతనికి ఎక్కింది.

"మడి ఎండిపోనాక నీల్లు ఎట్టినా లాబం ఉంటాదేటి సార్?"

"పూర్తిగా ఎండిందో లేదో ఇప్పుడే చెప్పలేం. చాలామందిలో కిడ్నీలు మళ్ళీ తేరుకుంటాయి. కొన్ని రోజులకో, కొన్ని వారాలకో. అప్పటిదాకా వాటి పని మిషన్ చేస్తుంది. తేరుకోగానే తీసేస్తాం. జీవితాంతం అని ఎవరన్నారు మీకు?"

"మా మేనమావ..."

"ఆయనది వేరే జబ్బు అయ్యుంటుంది. నేను గ్యారంటీ ఇవ్వను. బతుకుతుందని రాసివ్వను. మిషన్ పెట్టకపోతే మాత్రం ఆవిడ రేపటిని చూడరు. అది రాసివ్వగలను."

పెదబాబు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఆ గదిలో ఎవరూ అతన్ని తొందరపెట్టలేదు, నూకరత్నం కూడా. పెళ్ళాం అంటే అతనికి ప్రాణమే. ఆ సంగతి ఆమెకు తెలియంది కాదు. తెలుసు కాబట్టే ఇంకా కోపం.

"లోపలికి రానిస్తారా సార్? ఆకరికి... ఏదన్నా అయితే నీల్లు పొయ్యనిస్తారా?"

"రానిస్తాను. నేను మాటిస్తున్నాను. ఇప్పుడే వెళ్ళి చూడండి. చూసి సంతకం పెట్టండి."

పెదబాబు పెన్ను అందుకున్నాడు, డాక్టరు కాగితం పట్టుకుని వాళ్ళతో లోపలికి నడిచాడు. ఝాన్సీ పిన్నమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోపల చిన్నతల్లిని చూస్తే గుర్తుపట్టడం కష్టమైంది. కనురెప్పలు ఉబ్బి కళ్ళు గీతల్లా అయిపోయాయి. మొహం మీద ఆక్సిజన్ మాస్కు. చేతివేళ్ళ కొసలు నేరేడు రంగు తిరిగాయి. మంచం పక్కన వేలాడుతున్న సంచిలోకి మూత్రం కోసం వేసిన గొట్టం దిగి ఉంది. సంచి అడుగున చుక్క కూడా లేదు.

"ఒసే, నేనే," అన్నాడు పెదబాబు. "మిసన్ ఎడతారంట. బయపడకు. బాగైపోతాదంట."

చిన్నతల్లి కళ్ళు కొంచెం తెరిచింది. అతన్ని చూసిందో, అతని వెనక గోడను చూసిందో తెలియదు. చెయ్యి పైకి లేపి మాస్కు జరపబోయింది. నూకరత్నం వంగింది.

"ఏటి అప్పా? ఏటి కావాల?"

"మగోడు..." అంది చిన్నతల్లి. మాట మాస్కులో ముద్దైపోతోంది. "ఆ గొట్టం... మగోడు ఏసేడు... నన్ను సూసేడు..."

మగ నర్సు ఒకడు మంచం అవతల మందు సీసా మారుస్తూ తల వంచుకున్నాడు.

"ఈల్లందరూ సూస్తన్నారు... నేనుండను... ఇంటికి..." చిన్నతల్లి ఉబ్బిన వేళ్ళు దుప్పటిని పట్టుకుని కిందికి, ఇంకా కిందికి, కాళ్ళు కప్పేలా లాక్కోబోయాయి. "ఇంటికి తీసికెల్పోండి."

పెదబాబు తన చేతిలోని పెన్నును డాక్టరు పట్టుకున్న కాగితం మీద పెట్టేశాడు.

"ఇన్నారు కదా సార్. అదే సెప్పింది. నేను సెప్పిన మాట కాదు. దాని మాట."

"ఆవిడ పూర్తి స్పృహలో లేరు," డాక్టరు చిరాగ్గా అన్నాడు. "ఇందాక ఆవిడ పేరు అడిగితే వాళ్ళమ్మ పేరు చెప్పారు. ఈ స్థితిలో అన్న మాటను..."

"మానం గురించి సెప్పిన మాట మతి లేని మాటెలగవుతాది సార్? బతికినన్నాల్లు గుట్టుగా బతికింది. ఇలగ పదిమంది ఎదర పడుకోబెట్టి దాన్ని సంపుకోను. నేనెట్టను సంతకం."

నూకరత్నం లోపల ఇన్నాళ్ళూ బావ మీద, అత్త మీద, క్రషర్ దగ్గరి మగాళ్ళందరి మీద రగిలిన కోపం ఒక్కసారిగా తిరిగి మంచం మీద పడుకున్న మనిషి మీదికి మళ్ళింది. ఐసీయూ అని కూడా చూడలేదు.

"సీ, నీ సిగ్గు తగలెయ్య! ఆ సిగ్గే కదే నిన్నిక్కడ పడేసింది! దాహమని సెప్పడానికి సిగ్గు, మంటని సెప్పడానికి సిగ్గు, రకతం పడతాంటే కూడా సిగ్గు! ఆ గొట్టం ఏసినోడు నీకు మొగోడులా కనిపించేడా? నీకు నీల్లియ్యని మొగోల్లు కదే మొగోల్లు! ఒక్కసారి, ఒక్క నాలుగు దినాలు సిగ్గు లేకుండా బతకవే అప్పా! బతికినాక మల్లీ నీ ఇష్టం!"

చిన్నతల్లి కళ్ళు మూసేసుకుంది. కంటి కొసల నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. నాళాల్లో నీరు నిలవని మనిషికి ఆ కన్నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో.

నూకరత్నం డాక్టరు వైపు తిరిగింది. "మొగుడే ఎట్టాలా సార్ సంతకం?"

"భర్త ఉంటే భర్తను అడుగుతాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రక్తసంబంధం ఉన్న పెద్దవాళ్ళు ఎవరైనా పెట్టొచ్చు. మీరు..."

"తోడబుట్టినదాన్ని."

చెక్కుకుపోయిన అరచేత్తోనే పెన్ను పట్టుకుంది. పేరు అక్షరం అక్షరం నొక్కి రాసింది.

"రత్నం," పెదబాబు గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అతను అరిచినప్పటికన్నా ఆ నెమ్మది ఆమెను భయపెట్టింది. "నా మాట కాదని ఎట్టేవు. దాని మాట కూడా కాదని ఎట్టేవు. ఇయ్యాల్టి నుంచి నువ్వు మా ఇంటి కోడలివి కావు."

"కాను. దీని సెల్లెల్ని."

డాక్టరు కాగితం తీసుకుని నర్సుకు సైగ చేశాడు. వరండా చివర నుంచి చక్రాల చప్పుడు మొదలైంది. మిషన్‌ని ఇద్దరు మనుషులు తోసుకొస్తున్నారు. నిలువెత్తు మిషన్, తలుపు రెండు రెక్కలూ తీస్తే గానీ పట్టదు.

పెదబాబు వెళ్ళి ఆ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి చెరో రెక్కా పట్టుకున్నాడు.

"తప్పుకోండి," అన్నాడు డాక్టరు. "సెక్యూరిటీని పిలవాల్సి వస్తుంది."

"పిలవండి."

"నాన్నా!" ఝాన్సీ ఏడుపు వరండా అంతా వినిపించింది. "నాన్నా, అమ్మ నాన్నా!"

అతను కూతురి వైపు చూడలేదు. మంచం వైపు కూడా చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళు తెల్లబడిపోయాయి. మిషన్ వచ్చి అతని వీపుకు ఆనుకునేంత దగ్గరగా ఆగింది. లోపల చిన్నతల్లి తల దగ్గరి తెరమీద అంకెలు మారుతూ ఏదో కూత మొదలైంది. నర్సు పరుగెత్తింది.

అప్పుడు సత్తిబాబు ముందుకొచ్చాడు. ఇంటి దగ్గర నుంచి ఇంతవరకూ ఒక్క మాట పూర్తిగా ఆడని మనిషి, అన్న పక్కకి చేరి భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నియ్యా," అన్నాడు. ఈసారి ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత ఏమంటాడో తెలియక నూకరత్నం మొగుడి మొహం వైపు చూస్తూ నిలబడింది.